వరలక్ష్మి కొలతలకు ఒక క్రూయిజర్

కరోనా రెండో అల తగ్గి ఏడాది తిరిగిన ఎండాకాలం అది. బుక్కరాయసముద్రంలో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వస్తే నా రేకుల షెడ్డు. బోర్డు మీద 'బండ్ల రిపేరు, వెల్డింగ్' అని రాసి ఉంటుంది గానీ, నాకు పేరు తెచ్చింది వేరే పని. బండిని మనిషికి తగ్గట్టు మార్చడం. పోలియో కాలున్నవాళ్ల స్కూటర్లకు పక్క చక్రాలు బిగిస్తాను. కుడిచేతిలో పట్టు లేనివాళ్లకు బ్రేకు లివరు ఎడమకు మారుస్తాను. కంపెనీ నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే ఉంచితే అది స్టాక్ బండి. మనకు కావాల్సినట్టు మార్చుకుంటే కస్టమ్. కుర్రవాళ్లు షోకు కోసం చేయించుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అవసరం కొద్దీ వస్తారు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంది. ధర్మవరం నుంచి బస్సులో అనంతపురం, అక్కడినుంచి ఆటోలో వచ్చినానని చెప్పింది. నీళ్లు తాగి, సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పింది. అందులో నాలుగు పట్టుపోగులు. ఒక్కొక్కటి ఒక్కో రంగు. ప్రతిదానికీ రెండు కొసలా ముడులు.

"ఈ ఎర్రది బండి సీటు ఎత్తు అన్నా," అంది. "ఈ పచ్చది నా కాలు, తొడ కాడి నుంచి మడమ దాకా. ఈ రెండు పోగులు చెయ్యికి. ఒకటి హ్యాండిలు ఇప్పుడు ఎంత దూరముండాదో, ఇంగొకటి ఎంత దూరముంటే నాకందుతాదో."

ఎర్రపోగు పక్కన పచ్చపోగు పెట్టి చూసినాను. నాలుగు వేళ్ల తేడా. నా దగ్గరికి టేపు పెట్టి కొలిచి తెచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లంతా బండి కొలతలు తెస్తారు. తమ కొలతలు ఎవరూ తేరు.

ఆమె పేరు వరలక్ష్మి. భర్త నాగభూషణ పట్టుచీరలు నేసేవాడు. ఐదారేళ్ల కిందట ముచ్చటపడి ఒక సెకండ్ హ్యాండ్ క్రూయిజర్ కొన్నాడు. క్రూయిజర్ అంటే పొడుగాటి బండి. సీటు వాలుగా, హ్యాండిలు వెడల్పుగా ఉంటుంది, కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి. నేసిన చీరలు దానిమీదే గోరంట్ల దాకా తీసుకుపోయి షాపులకు ఇచ్చి వచ్చేవాడు. రెండేళ్ల కిందట కళ్లు పోయినాయి. నీటికాసులు అన్నారట డాక్టర్లు. గ్లకోమా. ఆ జబ్బులో ముందు పక్కచూపు పోతుంది, తర్వాత మెల్లగా నడిమి చూపు. ఇప్పుడు ఆయనకు వెలుగుకూ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే.

"ఆ బండి నేను తోలాల. ఆయప్ప ఎనక కూర్చోవాల. అట్ల చేసియ్యన్నా."

"అక్కా, ఆ బండి రెండు క్వింటాళ్లకు దగ్గర దగ్గర ఉంటాది. ఒక స్కూటీ తీసుకో. ఆయన్ని హాయిగా ఎనక కూర్చోబెట్టుకోవచ్చు."

ఆమె పోగులు మళ్లీ పొట్లం కట్టుతూ అంది. "స్కూటీ సప్పుడుకు ఆయప్ప మంచం మింద నుంచి లేయడన్నా. ఆ బండి సప్పుడుకు లేస్తాడు."

సరే అన్నాను. ఆమె రెండు షరతులు పెట్టింది. ఒకటి, పని నా షెడ్డులో జరగకూడదు. వాళ్లింటి వాకిట్లోనే జరగాలి. సామాన్లన్నీ ఇక్కడున్నాయి, ఆదివారం తప్ప రాలేను అంటే, ఆదివారాలే రా అంది. రెండోది బ్రేకులు.

"బ్రేకులు శానా గట్టిగా ఉండాల. ఒకసారి ఫెయిలైనాయి. నేను ఎనకనే ఉండా ఆ పొద్దు. గొర్రెల మందలోకి పోయినాము."

నేనూ నా షరతులు చెప్పినాను. మెయిన్ ఫ్రేమును, అంటే బండికి వెన్నెముక లాంటి దాన్ని, కోయను. మార్పులన్నీ ఆర్టీవో ఆఫీసులో చూపించి సరే అనిపించుకున్నాకే రోడ్డెక్కాలి. ఆమె లైసెన్సు తీసుకోవాలి.

"ఎల్లెల్లార్‌కు నిన్ననే రాసినా," అంది.

మొదటి ఆదివారం పోయేసరికి బండి వాకిట్లో పాత దుప్పటి కింద ఉంది. ఇల్లు చిన్నది. ముందు గదిలో గుంటమగ్గం, దానిమీద సగంలో ఆగిపోయిన చీర. లోపలి గదిలో మంచం మీద మనిషి పడుకొని ఉన్నాడు, గోడవైపు తిరిగి. నేను వచ్చిన అలికిడికి కదల్లేదు. వరలక్ష్మి కూడా పరిచయం చేయలేదు. "నువ్వు మొదలుపెట్టన్నా," అని రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టుపోగు చుట్టడం మొదలుపెట్టింది.

సీటు తీసినాను. ట్యాంకు దించినాను. ముందు బ్రేకు విప్పి చూసినాను. ప్యాడ్లు ఇంకా మందంగానే ఉన్నాయి. డిస్కు వంకర లేదు. ఆయిలు తగ్గలేదు, లీకు జాడ ఎక్కడా లేదు. వెనక బ్రేకూ అంతే. ఫెయిలయిన బ్రేకు ఏదో ఒక గుర్తు వదులుతుంది. ఇక్కడ ఏ గుర్తూ లేదు. ఎవరో బాగు చేసి ఉంటారులే అనుకొని మళ్లీ బిగించినాను.

రెండో ఆదివారం వెనక షాకబ్జార్లు విప్పుతున్నాను. బండి బరువును ఆపి, గుంతల్లో కుదుపు తగ్గించే స్ప్రింగులు అవి. వాటిని తీసి పొట్టివి వేస్తే సీటు కిందికి దిగుతుంది. ఒక నట్టు దగ్గర స్పానర్ జారింది. లోపలి గదిలోంచి గొంతు వచ్చింది.

"దానికి పద్నాలుగు పట్టదప్పా. పదమూడు పెట్టు."

నేను పెట్టింది పద్నాలుగే. పదమూడు పెడితే సరిగ్గా కూర్చుంది. రాట్నం తిప్పుతున్న వరలక్ష్మి తల ఎత్తలేదు గానీ, ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అప్పుడర్థమైంది నాకు, ఈ పని షెడ్డులో వద్దని ఆమె ఎందుకు పట్టుబట్టిందో.

మూడో ఆదివారం ఆయన మంచం దిగి గడప దాకా వచ్చినాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. నేను సీటులోని ఫోము కోస్తున్నాను. ముందు భాగం వెడల్పు తగ్గిస్తే పొట్టివాళ్ల కాళ్లు నేలకు తేలిగ్గా అందుతాయి. కత్తి చప్పుడు విని ఆయన అడిగినాడు.

"ఎవరి కోసం కోస్తాండావు నా సీటును?"

కత్తి పక్కన పెట్టినాను. ఆయనకు తెలుసనే అనుకుంటూ ఉన్నాను. అమ్మడానికి ముందు రిపేరు చేయిస్తున్నామని చెప్పి ఉంచిందట ఆమె. నేను ఆమె వైపు చూసినాను. ఆమె రాట్నం పక్కకు జరిపి లేచింది.

"నాకోసం."

"నీకోసమేంది?"

"నేను తోల్తా. దింపి, కురచ చేపిస్తాండా."

 పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వస్తోంది. ఆయన గోడ పట్టుకొని అన్నాడు. "నువ్వు తోలితే నేనేం చేయాల?"

"ఎనక కూర్చో. నువ్వు ఏ బండి కొన్నా పద్దెనిమిదేండ్లు నేను ఎనక కూర్చోల్యా?"

ఆయన లోపలికి పోయినాడు. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు. నేను సామాన్లు సర్దుకుంటూ, "అక్కా, ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాను. "చెప్పింటే బండి అమ్మేసిండేవాడు," అంది ఆమె. "ఇప్పుడు సగం ఇప్పేసినావు. ఇప్పేసిన బండి ఎవరు కొంటారు?"

నాలుగో ఆదివారం నేను పోయేసరికి ఆయన వాకిట్లో స్టూలు వేసుకొని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. "రా బాషా," అన్నాడు, పదేళ్ల నుంచి ఎరిగినవాడిలా. "హ్యాండిలుకు రైజర్లు ఏ సైజు తెచ్చినావు? ఇట్లియ్యి."

రైజర్లంటే హ్యాండిలును పైకీ, మనిషి వైపుకూ జరిపే ఇనుప దిమ్మెలు. ఆయన వాటిని రెండు చేతుల్లో తిప్పి తిప్పి చూసినాడు. చూసినాడు అనే రాస్తున్నాను, ఎందుకంటే అది చూడటమే. అంచు మీద వేలు పోనిచ్చి, ఒకదానికి మూల అరిగిందని చెప్పినాడు. నిజమే. వరలక్ష్మిని పిలిచి బండి మీద కూర్చోమన్నాడు. ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని ఎక్కింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకొని, వంపు ఎంతుందో అరచేత్తో తడిమినాడు.

"ఇంగా అరంగుళం దగ్గరికి రావాల బాషా. చెయ్యి చాపితే మలుపులో ఈమెకు బలం చాలదు. ఎడమ మణికట్టు నొప్పి కూడా ఉండాది ఈమెకు, కండెలు చుట్టి చుట్టి. క్లచ్చు తేలిక చెయ్."

"నా మణికట్టు నొప్పని నీకెవరు చెప్పినారు?" అంది ఆమె.

"అన్నం పెట్టేటప్పుడు గిన్నె కుడిచేతికి మారుస్తావు కదా. ఇనపడదా నాకు?"

ఆమె ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుంది. నేను స్పానర్ వెతుక్కుంటున్నట్టు డబ్బాలోకి వంగినాను.

అప్పటినుంచి పని చకచకా సాగింది. క్లచ్చు కేబులు ఇంజను దగ్గర తగులుకునే చిన్న ఇనుప చెయ్యిని కొంచెం పొడుగు చేసినాను. గడ్డపార పొడుగైతే బండరాయి తేలిగ్గా కదిలినట్టు, ఆ చెయ్యి పొడుగైతే క్లచ్చు రెండు వేళ్లకు లొంగుతుంది. గేరు లివరూ వెనక బ్రేకూ ఆమె కాళ్లకు అందేటట్టు వెనక్కి జరిపినాను. వెనక సీటు వెడల్పు చేసి, రెండు వైపులా పట్టుకోడానికి కడ్డీలు, వీపుకు ఆనుకోడానికి బ్యాక్‌రెస్టు పెట్టాలనుకున్నాము. చూపు లేని మనిషికి ముందు గుంత ఉందో మలుపు ఉందో తెలియదు కదా. బండి ఒక్కసారిగా ముందుకు లాగితే వెనక్కి పడిపోకుండా ఆ బ్యాక్‌రెస్టే ఆపాలి.

ఇక్కడే నేనొక తప్పు చేసినాను.

ఆరో ఆదివారం బ్యాక్‌రెస్టు పైపును దాని పట్టీకి వెల్డు చేస్తున్నాను. ఇంట్లో పని కాబట్టి చిన్న మెషీను తెచ్చుకున్నాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో అందరి కూలర్లూ తిరుగుతున్నాయి, కరెంటు కిందికీ మీదికీ ఆడుతోంది. మెషీనుకు సరిగ్గా కరెంటు అందకపోతే ఇనుము లోతుగా కరగదు, పైపైన అతుక్కుంటుంది. ఒకచోట వెల్డు పక్కన సన్నని గాడి పడింది. ఇనుము కలవక మిగిలిన సందు అది. చీలిక మొదలయ్యేది అక్కడే. నాకు కనిపించింది. మళ్లీ కోసి మొదటినుంచి చేయాలంటే ఆ రోజు పోయినట్టే. ఎండకు తల పగిలిపోతోంది. గ్రైండర్ పట్టి నున్నగా అరగదీసి, ప్రైమర్ కొట్టినాను. ప్రైమరంటే అసలు రంగుకు ముందు వేసే పూత. చూస్తే ఎవరికీ తెలియదు. నాకే తెలియనంత బాగా కుదిరింది.

ప్రైమర్ ఆరినాక నాగభూషణ వచ్చి చేతుల్లోకి తీసుకున్నాడు. పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చి, ఆ మూల దగ్గర ఆగినాడు. బొటనవేలి గోరు అక్కడ రెండుసార్లు అటూ ఇటూ నడిపినాడు.

"బాషా, ఈడ పోగు తప్పిందప్పా."

"యాడన్నా?" అన్నాను, తెలియనట్టు.

"ఈడ. నా గోరు దిగుతాంది."

అబద్ధం చెప్పడానికి ఒక మాట నోటి దాకా వచ్చింది. ప్రైమర్ గీత అన్నా అని. ఆయన మొహం నా వైపుకే ఉంది, కానీ కళ్లు నా భుజం పక్కన ఎక్కడో ఉన్నాయి. ఆ మనిషి వీపు ఆనబోయేది ఆ మూలకే. 

"నాకు తెలుసన్నా," అన్నాను. "కరెంటు చాలక వెల్డు సరిగ్గా దిగలేదు. గ్రైండర్ పట్టి కప్పెట్టినా. తప్పయింది."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన ఆ పైపును ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. "కప్పెట్టినావని చెప్పినావు. అది పెద్ద సంగతే," అన్నాడు. ఆ మాట అన్న తీరు నాకు వింతగా అనిపించింది. నన్ను మెచ్చుకున్నట్టు లేదు. తనలో తాను అనుకున్నట్టు ఉంది. బ్యాక్‌రెస్టును షెడ్డుకు తెచ్చి, పట్టీ కోసి పారేసి, పెద్ద మెషీను మీద మళ్లీ చేసినాను. సుత్తితో కొట్టి కొట్టి చూసినాను.

ఏడో ఆదివారం బండి నిలబడింది. ధర్మవరం బయట ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్ ఒకటుంది. ఒక్క ఇల్లూ లేదు. హద్దురాళ్లు, ఎర్రగ్రావెలు రోడ్లు, ఎండిన గడ్డి. దూరంగా గుట్ట మీద గాలిమరలు. వరలక్ష్మి ఆ వారం పొద్దుటిపూట తమ్ముడి పాత బండి మీద గేర్లు నేర్చుకొని ఉంది. సొంత బండి మీద అదే మొదటిసారి. పంజాబీ డ్రస్సు, పైన భర్త చొక్కా, హెల్మెట్. రెండు కాళ్లూ నేలకు నిండుగా ఆనినాయి. ఆ సంగతి చూసి నాకు కలిగిన సంతోషం మా పనివాళ్లకే తెలుస్తుంది.

నాగభూషణ ఒక హద్దురాయి మీద కూర్చుని వింటున్నాడు. "సెకండ్ వెయ్," అని ఇక్కడినుంచే అరుస్తాడు. ఆమె అప్పటికే వేసి ఉంటుంది. "నీ నోరు మూసుకో, నాకు తెలుసు," అని అక్కడినుంచి కేక. బాగానే తోలుతోంది. ఒక్కటే ఇబ్బంది. మలుపు ఇంకా దూరం ఉండగానే బ్రేకు పట్టేస్తోంది. మెల్లగా కాదు, భయపడి పట్టినట్టు.

"ఎందుకు అంత ముందే పడతాంది?" అన్నాడు ఆయన నాతో.

"బ్రేకుల మీద నమ్మకం లేదన్నా. ఫెయిలైనాయని మనసులో ఉండాది. నేను చూసినా, వాటికి ఏ రోగమూ లేదు. ఎప్పుడూ ఉన్నట్టు కూడా లేదు."

ఆయన హద్దురాయి అంచును గోటితో గీకినాడు. 

అప్పుడే గడ్డిలోంచి ఒక కుక్క అడ్డం వచ్చింది. ఆగడానికి కావాల్సినంత దూరం ఉంది. కానీ ఆమె ముందు బ్రేకు ఒక్కటే ఒడిసి పట్టింది. గ్రావెలు మీద ముందు చక్రం జారింది. బండి ఎడమ పక్కకు ఒరిగిపోయింది.

నేను పరుగెత్తేలోపే నాగభూషణ లేచి ఆ చప్పుడు వైపు పరుగెత్తినాడు. చూపు లేని మనిషి, ముందు చేతులు చాపుకొని. హద్దురాయి తగిలి బోర్లా పడినాడు. లేచి మళ్లీ పరుగెత్తినాడు. మోకాలు చిట్లి రక్తం కారుతోంది. "వరా! వరా!" అని పిలుస్తున్నాడు. క్రాష్‌గార్డు, అంటే ఇంజనుకు ముందుండే ఇనుప కడ్డీ, ఆమె కాలును కాపాడింది. మోచెయ్యి మాత్రం గీసుకుపోయింది. ఆమె మట్టిలో లేచి కూర్చుంది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, ఆమె తల, మెడ, భుజాలు, చేతులు వరసగా తడుముతున్నాడు.

"నాకేం కాల్యా," అంది ఆమె. "బ్రేకులు మళ్లా పోయినాయి."

ఆయన చేతులు ఆగిపోయినాయి.

"బ్రేకులు పోల్యా," అన్నాడు. "యాపొద్దూ పోల్యా. ఆ పొద్దు గొర్రెలు నాకు ఆనల్యా. ఎడమ పక్క నుంచి వచ్చినాయి. అప్పటికే ఎడమ పక్క నాకు కనపడక ఏడాదైంది. నీకు చెప్పల్యా. బ్రేకు ఫెయిలైందని చెప్పినా."

నేను పోయి పడిన బండి ఇంజను ఆపినాను. 

ఆమె హెల్మెట్ విప్పి ఒళ్లో పెట్టుకుంది.  "నేను ఎనక కూర్చొని కండ్లు మూసుకుంటాంటి," అంది. "నీ ఈపుకు ఆనుకొని నిద్రపోతాంటి. నువ్వు చూస్తాండావు కదా అని."

లేచి, దుమ్ము దులుపుకొని, మెయిన్ రోడ్డు వైపు నడుచుకుంటూ పోయింది. ఆటో ఎక్కడం దూరంనుంచి కనిపించింది. బండి ఇంకా నేలమీదే ఉంది. నేను లేపి స్టాండు వేసినాను. ఆయన మోకాలు కడిగి నా రుమాలు కట్టినాను.

"చెప్పింటే బండి తీసుకుంటారని భయం బాషా," అన్నాడు. "బండి పోతే, నేను గుడ్డోన్ని అని ఊరంతటికీ చెప్పినట్టు. పోయిన వారం నువ్వు గ్రైండర్ పట్టినానని ఒప్పుకున్నావే, అప్పటి నుంచి నాకు ముద్ద దిగల్యా. ఈ బండిని ఆమె బ్రేకులకు భయపడుకుంటానే తోలాల్సి వస్తుండె. నేను చేసిపెట్టిన భయం."

ఆయన్ని నా బండి మీద ఇంటి దగ్గర దింపి, ఆమె తమ్ముడి సాయంతో ఆ బండినీ వాకిట్లో చేర్చి వచ్చినాను. ఈ పని ఇక్కడితో ముగిసింది అనుకున్నాను.

ఎనిమిదో ఆదివారం, మిగిలిన సామాన్లు తెచ్చుకుందామని పోయినాను. వరలక్ష్మి వాకిట్లో ఉంది. వంగిన క్లచ్చు లివరును తనే విప్పి, కొత్తది పట్టుకొని కూర్చుని ఉంది. మోచేతికి కట్టు. ఆయన మగ్గం గుంటలో కాళ్లు దించుకొని కూర్చుని ఉన్నాడు. నేయలేడు గానీ, అక్కడ కూర్చుంటాడు.

"వారమైంది ఒక్క మాట మాట్లాడి," అని నాతో గొణిగినాడు. "కంచం నేలకు తగిలిన సప్పుడు ఇని అన్నం పెట్టిందని తెలుసుకుంటాండా."

ఆమెకు ఆ మాట వినపడింది. వినపడాలనే అన్నాడేమో. ఆమె నా వైపు తిరిగి అంది.

"అన్నా, బ్రేకులు బాగున్నాయంటే నేను పట్టడమే తప్పు. ఎంత దూరంలో పట్టాలో, ఎట్ల పట్టాలో నేర్పు. సరిగ్గా నేర్పు."

వెంచర్‌కు ముగ్గురం పోయినాము. ఆమె మాటలు నాతోనే గానీ ఆయన్ని రావద్దని అనలేదు. రెండు బ్రేకులూ కలిపి పట్టాలనీ, ముందు బ్రేకును ఒక్కసారిగా కాకుండా మెల్లగా మొదలుపెట్టి బిగించాలనీ చెప్పినాను. "తడి పట్టుచీర పిండుతావే, అట్ల."

"పట్టుచీర ఎవరన్నా పిండుతారా అన్నా?" అంది ఆమె.

హద్దురాయి మీదనుంచి ఆయన ఫక్కున నవ్వినాడు. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. ఆ నవ్వుతో అంతా సర్దుకుందని నేను రాయను. ఆ రోజు నేర్చుకోవడం అయ్యేదాకా ఆమె ఆయనతో మాట్లాడలేదు. కానీ సాయంత్రం బండి ఆయన ముందుకు తెచ్చి ఆపి, ఇంజను ఆపకుండా, ఊరికే నిలబడింది. ఆయన చేత్తో సీటు వెతుక్కొని, కాలు తిప్పి ఎక్కినాడు. వెంచర్ చుట్టూ రెండు చుట్లు తిరిగినారు. రెండో చుట్టులో ఆమె ఏదో అంటోంది. ఏమన్నదో నాకు వినపడలేదు. ఆయన తల ఊపుతూ ఉన్నాడు, తిట్లు తినే మనిషిలా.

లైసెన్సు వచ్చింది. ఆఫీసులో బండి చూపించినాము. అక్కడి అధికారి బ్యాక్‌రెస్టు పట్టుకొని లాగి లాగి చూసినాడు. లాగనీ అని నేను చేతులు కట్టుకొని నిలబడినాను.

వాళ్ల మొదటి దూర ప్రయాణం కుందుర్పికి. నాగభూషణ అక్క రామక్క అక్కడ ఉంటుంది. కళ్లు పోయినాక ఆయన ఆమె దగ్గరికి పోలేదు. ఆమె వస్తానన్నా ఏదో సాకు చెప్పి ఆపేవాడు. చిన్నప్పుడు తనను చంకన వేసుకొని పెంచిన మనిషి తనను ఇట్లా చూడకూడదని. పోయే రోజు పొద్దున్నే వరలక్ష్మి ఫోన్ చేస్తే, నేను అనంతపురం ఊరి చివర కలుసుకొని కొంతదూరం వాళ్ల వెనకే పోయినాను. బండి చప్పుడు ఎట్లుందో వినాలి, వెనక చక్రం తిన్నగా తిరుగుతోందో లేదో చూడాలి. మా పని అంతే. రోడ్డుకు రెండు వైపులా వాన కోసం దున్ని పెట్టిన ఎర్రచేలు. ఆయన కోసం నేను పెట్టిన కడ్డీలను ఆయన పట్టుకోలేదు. రెండు చేతులూ ఆమె నడుముకు రెండు వైపులా ఆనించి, మొహం గాలికి పెట్టుకొని కూర్చున్నాడు. నేను చెయ్యి ఊపి ఆగిపోయినాను. అరవై దాటించకుండా తోలుతోంది. ఆమెకు భయం లేదు, తొందరా లేదు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "చేరినామన్నా. బ్యాక్‌రెస్టు అల్లాడల్యా. వదిన ఈయప్పను పట్టుకొని ఏడుస్తాంది, ఈయప్ప ఆమెకు బండి చూపిస్తాండాడు. రైజర్లు, క్లచ్చు, అన్నీ చెయ్యి పట్టుకొని చూపిస్తాండాడు." వెనకనుంచి ఆయన గొంతు. "గుట్టెక్కేటప్పుడు థర్డ్‌లో రావాల్సింది, ఫోర్త్‌లోనే వచ్చింది బాషా, చెప్పు ఈమెకు!"

ఆ బండి కంటే అందమైన బండ్లు తర్వాత చాలా చేసినాను. కానీ నా పని తీరు మార్చింది అదే. అంతకుముందు నేను బండి అప్పగించేటప్పుడు బాగున్నవి చూపించేవాణ్ణి. మెరిసే రంగు, కొత్త సీటు. ఇప్పుడు ముందు నాకు అనుమానమున్న చోటు చూపిస్తాను. ఈ జాయింటు నాకు నచ్చలేదు, నెల తర్వాత తెచ్చి చూపించు అంటాను. ఈ పాత కేబులు ఎన్నాళ్లు వస్తుందో చెప్పలేను అంటాను. కొందరు మొహం చిట్లించి వేరే షెడ్డుకు పోతారు. పోనీ. మనిషి ఒక బండి ఎక్కినాడంటే దాన్ని చేసినవాణ్ణి నమ్మి, వెనక కూర్చున్నాడంటే తోలేవాణ్ణి నమ్మి, కళ్లు మూసుకుంటాడు. ఆ మూసిన కళ్లకు మనం చూసింది చూసినట్టు చెప్పాలి. వెల్డింగ్ ఏ కుర్రవాడికైనా ఆరు నెలల్లో వస్తుంది. ఇది నేర్చుకోడానికి మాత్రం నాకు ఇరవై ఏళ్లు పట్టింది.